వెనక తలుపు లేని హోటల్

నా చిన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నీ నాకు తిండి పేర్లతోనే తెలుసు. చల్లపల్లి అంటే అల్లం పచ్చడితో పెసరట్టు. అవనిగడ్డ అంటే బస్టాండులో పొట్లం కట్టి ఇచ్చే వేడి మైసూరు బజ్జీలు. బంటుమిల్లి అంటే రొయ్యల వేపుడు. ఇక గుడివాడ అంటే చేపల పులుసు. ఇవేవీ నేను తిని తెలుసుకున్నవి కావు. మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, చెప్పగా విన్నవి. ఆవిడ మా ఊరు గిలకలదిండి రేవులో తెల్లారకముందే వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తుకుని, రైళ్లూ బస్సులూ పట్టుకుని ఆ ఊళ్లలో అమ్మి వచ్చేది. సాయంత్రం కాళ్లు కడుక్కుని గుమ్మంలో కూర్చోగానే నేను ఒళ్లో చేరి, ఇవాళ ఎక్కడ ఏం తిన్నావని అడిగేదాన్ని.

ఇప్పుడు నన్ను కూడా పిల్లలు అలాగే అడుగుతున్నారు. బందరులో యూనివర్సిటీకి వెళ్లే రోడ్డు మీద నాకో చిన్న హోటల్ ఉంది. ఆదివారం వచ్చిందంటే హాస్టల్ పిల్లలు బైకుల మీద ఊళ్లు చూడటానికి బయలుదేరుతారు. వెళ్లే ముందు నా దగ్గర ఆగి, "అమ్మమ్మా, ఈ వారం ఎటెళ్దాం? ఎక్కడ తిందాం?" అంటారు. చేతిలో ఫోను ఉంటుంది, అందులో ఏ హోటల్‌కి ఎన్ని స్టార్లున్నాయో కనిపిస్తూనే ఉంటుంది, అయినా అడుగుతారు. నేను చెప్పేది ఒక్కటే. ఎక్కడికైనా వెళ్లండి, కానీ ఆకు ముందు కూర్చోబోయే ముందు ఒకసారి వెనక దొడ్లోకి వెళ్లి చూసి రండి. వంటిల్లు శుభ్రంగా ఉందో లేదో చూడమంటున్నాననుకుని సరేనని తలూపుతారు. నేను చెప్పేది దాని గురించి కాదు.

మా చిన్నత్త, అంటే మా నాన్న చెల్లెలు, మా వీధిలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల. బందరు కాలేజీలో డిగ్రీ చదివేది. ఆ చదువుకి డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదంటే, గుడివాడలో ఒక మిలిటరీ హోటల్ నుంచి. ఆ హోటల్‌కి వాడుకగా చేపలు పోసేది మా మామ్మే. మా నాన్న పడవ సంపాదన ఇంటి తిండికి సరిపోయేది. అత్త ఫీజు మాత్రం ఆ వాడుక మీదే నడిచేది. అందుకే ఆ హోటల్ పేరెత్తితే మా ఇంట్లో అందరికీ గౌరవం.

మామ్మ ఆ హోటల్ గురించి చెబుతుంటే నాకు నోరూరిపోయేది. ఫ్యాను కింద పాలరాతి బల్ల ఉంటుందట. పెద్ద లేత అరటాకు వేస్తారట. "ఇంకాస్త పోసుకో అమ్మా" అంటూ దగ్గరుండి వడ్డిస్తారట. ఇంటికొచ్చిన ఆడపడుచుకి కూడా అంత మర్యాద జరగదనేది మామ్మ. నన్ను కూడా తీసుకెళ్లమని నేను ఏడిస్తే, గంపతో పాటు నిన్ను కూడా మోయమంటావా అని కసిరేది.

అత్తకి హాస్టల్‌లో ఉండే స్నేహితురాళ్లు నలుగురైదుగురు ఉండేవాళ్లు. అందరూ వేరే ఊళ్ల నుంచి వచ్చి చదువుకుంటున్నవాళ్లే. హాస్టల్ సాంబారు తినీ తినీ నాలుక చచ్చిపోయిందని, ఆదివారాలు దగ్గరలో ఉన్న ఊళ్లు చూసి, అక్కడ ఏది బాగుంటే అది తిని రావాలని వాళ్ల పట్టుదల. ఆడపిల్లలు ఇలా జట్టుగా తిరగడం ఆ రోజుల్లో వింతే. దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూసేవాళ్లు. వాళ్లు లెక్కచేసేవాళ్లు కాదు. అత్తని ఒంటరిగా పంపరు గనక తోడుగా నన్ను పంపేవాళ్లు. అలా నేను చల్లపల్లి పెసరట్టు తిన్నాను, అవనిగడ్డ బజ్జీలు తిన్నాను, నాగాయలంకలో కృష్ణ ఒడ్డున కూర్చుని మామిడి తాండ్ర తిన్నాను. మామ్మ చెప్పినవన్నీ నిజమేనని తెలిసి నాకు గొప్పగా ఉండేది.

ఒక ఆదివారం గుడివాడ వంతు వచ్చింది. ఎక్కడ తిందామని వాళ్లంటే, అత్త క్షణం ఆలోచించకుండా ఆ హోటల్ పేరు చెప్పింది. "మా అమ్మని చాలా మర్యాదగా చూస్తారే అక్కడ" అంది. రైల్లో కూర్చున్నంతసేపూ నేను ఆ పాలరాతి బల్ల గురించే ఆలోచించాను.

హోటల్ యజమాని కాలేజీ అమ్మాయిలను చూసి గల్లా పెట్టె దగ్గర నుంచి లేచి వచ్చాడు. "రండమ్మా, రండి. అటు ఫ్యామిలీ రూములో కూర్చోండి, కర్టెన్ వేయిస్తాను" అన్నాడు. అత్త వద్దంది. హాలు మధ్యలో ఫ్యాను కింద ఉన్న బల్ల చూపించి, తను అక్కడే కూర్చుంటానంది. కూర్చున్నాక పాలరాయిని అరచేత్తో తుడుస్తూ, "మా అమ్మ కూర్చునే బల్ల ఇదేనేమో" అని నా చెవిలో చెప్పింది. అత్త ముఖం ఎంత వెలిగిపోయిందో నాకిప్పటికీ గుర్తే.

ఆకులు వేశారు. చేతులు కడుక్కు రమ్మని అత్త నన్ను పంపింది. కుళాయి వెనక దొడ్లో ఉంది. వంటింటి పక్క సందులోంచి వెళ్లాను. అంట్లు తోమే గట్టుకీ కట్టెల మోపుకీ మధ్య ఎవరో నేల మీద గొంతుక్కూర్చుని విస్తరాకులో అన్నం తింటున్నారు. పక్కన ఖాళీ గంప. పులుసు పోస్తున్న మనిషి ఒక చేత్తో గరిటె పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. గంప అంచుకి కట్టిన ఎర్రగుడ్డ చూసి గుర్తుపట్టాను. మా మామ్మ.

నన్ను చూసి ఆవిడ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అత్తతో చెప్పమాకే. స్నేహితురాళ్ల ముందు దానికి నామోషీ" అంది. నా నోట్లో మాట ఆగదు. అప్పుడూ ఆగలేదు, ఇప్పుడూ ఆగదు. పైగా అందులో దాచాల్సిందేముందో నాకర్థం కాలేదు. పరుగెత్తుకుంటూ లోపలికి వెళ్లి, హాలంతా వినపడేట్టు, "అత్తా, మామ్మ వెనక కింద కూర్చుని తింటోంది!" అని అరిచాను. అలా అరిచినందుకు నాకు ఈ రోజుకీ చింత లేదు.

స్నేహితురాళ్లు అత్త వంక చూశారు. ఎవరని ఒకమ్మాయి అడిగింది. అత్త కావాలంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోగలిగేది. లేచి నిలబడి, "మా అమ్మ" అంది. మెల్లగా ఏం అనలేదు. దొడ్లోకి వెళ్లి మామ్మ ముందు నిలబడింది.

"లే అమ్మా. లోపల బల్ల ఖాళీగా ఉంది."

"నోర్మూసుకుని వెళ్లవే తల్లీ. వాడుక పోతే నీ ఫీజు ఎవరు కడతారు?"

"మానేస్తాను. నువ్విక్కడ కూర్చుని తింటే వచ్చే చదువు నాకొద్దు."

మామ్మ తిడుతుందనుకున్నాను. ఇంట్లో అయితే చీపురు తీసేదే. తిట్టలేదు. విస్తరిని అన్నంతో సహా రెండు చేతుల్లోకి ఎత్తుకుని లేచింది. సందులోంచి కాదు, వంటింట్లోంచే నడిచింది. వంటవాళ్లు పక్కకి తప్పుకున్నారు. హాల్లోకి వచ్చి, ఫ్యాను కింద బల్ల మీద, మా అరటాకుల మధ్య తన విస్తరి పెట్టి కుర్చీలో కూర్చుంది. దారిలో ఒక్క చుక్క పులుసు కింద పడలేదు.

యజమాని కేకలేశాడు. మమ్మల్ని అమ్మా అని పిలిచిన నోటితోనే, "ఏయ్, ఏంటే ఇది? నీ గంప వాసనకి పెద్దమనుషులు లేచిపోతారు, వెనక్కెళ్లు" అన్నాడు. మామ్మ అన్నం కలుపుతూనే సమాధానం చెప్పింది.

"నేను తెచ్చిన వంజరం ఈ బల్లలన్నింటి మీదా కూర్చుందండీ. దానికి రాని వాసన నా దగ్గరే వచ్చిందాండీ?"

ఆ అండీ ఎంత నెమ్మదిగా అందో! నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. ఇద్దరు ముగ్గురు నిజంగానే లేచి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు తల వంచుకుని తింటున్నారు. అత్త స్నేహితురాళ్లు మాత్రం కుర్చీలు ఇంకాస్త దగ్గరికి లాక్కుని మామ్మ చుట్టూ కూర్చున్నారు. యజమానికి ఒళ్లు మండిపోయింది. రేపటి నుంచి చేపలు తేవద్దన్నాడు.

"రేపటి సంగతెందుకండీ? ఇవాళ్టివే ఇవ్వను" అంది మామ్మ.

కానీ తొందరపడలేదు. ఆఖరి ముద్ద దాకా తిని, విస్తరి మడిచి, చెయ్యి కడుక్కుని, వంటింట్లోకి వెళ్లింది. అప్పటికే కోసేసిన ముక్కలు తను తిన్న అన్నానికి సరి అని చెప్పి, కొయ్యని చేపలన్నీ ఏరి గంపలో వేసుకుంది. ఎవరూ అడ్డు రాలేదు. మేం మా ముందు వేసిన ఆకుల్లో ఏమీ తినకుండానే లేచి ఆవిడ వెనకే బయటకు నడిచాం. ముందు తలుపులోంచే.

తిరుగు రైల్లో ఆ అమ్మాయిలు గంపని వంతులవారీగా ఒళ్లో పెట్టుకున్నారు. ఓణీలు తడిసిపోయాయి, రైలు పెట్టెలో జనం జరిగి కూర్చున్నారు, వాళ్లు పట్టించుకోలేదు. అత్త కిటికీ వైపు తిరిగి ఏడుస్తోంది. మామ్మ మాత్రం చేపలు పాడైపోతాయేమోనని బెంగపడుతోంది. ఆకలికి తట్టుకోలేక ఒకమ్మాయి, "మాకు వండి పెట్టకూడదా మామ్మగారూ?" అంది. మా మామ్మని గారూ అని పిలిచిన మొదటి మనిషి ఆవిడే అనుకుంటాను. మామ్మ అందరినీ గిలకలదిండి తీసుకొచ్చేసింది. మా అరుగు మీద వరసగా కూర్చోబెట్టి, మామిడికాయ వేసి పులుసు వండి పెట్టింది. గుడివాడలో దొరకని భోజనం వాళ్లకి మా ఇంట్లో దొరికింది.

వాళ్లు వెళ్లిపోయాక మా నాన్న విరుచుకుపడ్డాడు. చెల్లెలి చదువు ఏం కావాలి, వాడుక పోగొట్టుకుని వస్తావా అని అరిచాడు. "నీ రోషం కూడు పెడుతుందా అమ్మా?" అన్నాడు.

"పెడుతుందిరా. నేను వండుతాను" అంది మామ్మ.

వండింది కూడా. మొదట్లో చాలా కష్టమైంది. అత్త పరీక్ష ఫీజు కట్టే వేళకి మా ఇంట్లో ఇత్తడి గుండిగలు ఒక్కొక్కటే కనిపించకుండా పోయాయి. పై ఆదివారం అమ్మాయిలు మళ్లీ వచ్చారు. ఆ పై ఆదివారం ఇంకొందరిని వెంటబెట్టుకొచ్చారు. ఏడాది తిరిగేసరికి మామ్మ కాలేజీ దగ్గర తాటాకుల పాక వేసి, రెండు బల్లలు కొట్టించింది. రైలు దిగి వచ్చే చేపలమ్మే ఆడవాళ్లు, కాలేజీ లెక్చరర్లు ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చుని తినేవాళ్లు. ఎవరైనా మొహం చిట్లిస్తే, ఇష్టముంటే తినండి, లేకపోతే వెళ్లండి అనేది. అత్త చదువు ఆగలేదు. టీచరు అయింది. ఆదివారాలు వచ్చి చీర దోపుకుని వడ్డించేది.

ఆ పాక చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. ఊరి చివర యూనివర్సిటీ వచ్చాక నేను ఇటు మారి, కాస్త గట్టిగా కట్టించాను. మేస్త్రీ గీసిన ప్లానులో వంటింటికి వెనక తలుపు ఉంది. కొట్టేయమన్నాను. వాస్తు చెప్పే ఆయన వచ్చి, ముందు తలుపుకి ఎదురుగా వెనక తలుపు లేకపోతే కలిసిరాదన్నాడు. మీ శాస్త్రం మీది, నా శాస్త్రం నాదన్నాను. పొగ పోవడానికి పెద్ద కిటికీ పెట్టించాను, అంతే. గ్యాసు బండ, కూరగాయలు, చేపల గంప, చివరికి చెత్త బకెట్టు కూడా ముందు తలుపులోంచే రావాలి, పోవాలి. పిల్లలు నవ్వుతారు. పనిచేసేవాళ్లు విసుక్కుంటారు. నాకూ మోకాళ్ల నొప్పులతో కష్టంగానే ఉంది. అయినా చచ్చినా తలుపు పెట్టించను.

మొన్నీమధ్య ఒక కుర్రాడు కొత్తగా వచ్చాడు. నాకు చేపలు తెచ్చే ఆవిడ గంప పక్కన పెట్టి, అతని ఎదురుగా కూర్చుని అన్నం తింటోంది. ముక్కు మూసుకుని, "ఆంటీ, ఆవిణ్ని కొంచెం వెనక కూర్చోబెట్టొచ్చు కదా" అన్నాడు. నాకు మా మామ్మ నడిచొచ్చిన తీరు కళ్ల ముందు కనిపించింది. రెండు చేతుల్లో విస్తరి, తల ఎక్కడా వంచకుండా. ఆ రోజు నుంచి ఆ నడక నా వెన్నులో ఉండిపోయింది. ఎవరైనా మనిషిని వెనక్కి పొమ్మంటే చాలు, నేను నిలువుగా లేచి నిలబడతాను.

"మాకు వెనక లేదు నాయనా. నీకంత ఇబ్బందిగా ఉంటే బయట వేపచెట్టు కింద కుర్చీ వేయిస్తాను" అన్నాను.

లేచి వెళ్లిపోయాడు. వెళ్లి ఫోనులో మా హోటల్‌కి ఒక్క స్టారు ఇచ్చి, తిట్టి రాశాడట. హాస్టల్ పిల్లలు చదివి వినిపించారు. చేపల వాసన అని రాశాడు, ముసలావిడకి నోటి దురుసు అని రాశాడు. ఆఖర్న, వీళ్లకి కనీసం వెనక తలుపు కూడా లేదు అని రాశాడు. ఆ చివరి మాట నాకు బాగా నచ్చింది. రంగులేసే అబ్బాయికి కబురు పెట్టాను, హోటల్ పేరు కింద బోర్డు మీద ఆ మాటే రాయించడానికి.