దీవి పాము

నేను దోహాలో పశువైద్యురాలిని. మా క్లినిక్‌కి వచ్చేవన్నీ పిల్లులు, డేగలే. పాము కోసం ఫోన్ రావడం అదే మొదలు. అల్ రయ్యాన్‌లో ఒక విల్లా చూసుకునే మనిషి చేశాడు. నిజామాబాద్ వైపు వాడట. తెలుగు డాక్టరమ్మ ఉందని ఎవరో చెబితే నా నంబర్ పట్టుకున్నాడు.

"పాము ఏం తింటలేదు మేడమ్. సార్ లండన్ పోయిండు. జర వచ్చి చూడుండ్రి."

మధ్యాహ్నం వెళ్ళాను. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. చల్లటి ఏసీ హాలు దాటి వెనక గదిలో అడుగు పెట్టగానే నా కళ్ళద్దాలు చెమ్మతో మసకబారాయి. తడిసిన ఆకుల వాసన. బల్ల మీద రెండు అద్దాల పెట్టెలు. ఒకదాంట్లో, కొమ్మకి చుట్టుకుని, లేత పసుపు రంగు పాము.

బల్లకి దూరంగానే ఆగాను. పుస్తకాల్లో తప్ప నేను చూడని పాము అది. బ్రెజిల్ తీరానికి అవతల ఒకే ఒక్క దీవిలో ఉంటుంది. అక్కడికి మామూలు మనుషుల్ని వెళ్ళనివ్వరు. జాతే అంతరించేలా ఉంది కాబట్టి దొంగచాటుగా పట్టి పెద్ద ధరకి అమ్ముతారు. పిట్టల్ని తింటుంది. కాటేశాక పిట్ట ఎగిరిపోకుండా నోటితో అలాగే పట్టుకుని ఉంటుంది. దాని విషానికి ఇక్కడ మందు దొరుకుతుందన్న ఆశ నాకు లేదు.

రెండో పెట్టె ఖాళీ. మూత కొంచెం పక్కకి జరిగి ఉంది.

"ఇందులోది ఏది అన్నా?"

"కనబడ్తలేదు మేడమ్. సార్ పోయినప్పటి సంది. కానీ ఈ గదిలనే ఉన్నది."

"నీకెలా తెలుసు?"

"కౌజుపిట్టను వదుల్త. ఒకట్రెండు దినాలల్ల మాయమైతది."

అంతలో బల్ల కింద టక్ టక్ మని చప్పుడు. కౌజుపిట్ట ఒకటి నేల మీద ముక్కుతో పొడుస్తూ బయటికొచ్చింది.

"మరి ఇది?"

"పోయిన వారం వదిలిన" అన్నాడు. అంటూనే ఆగిపోయాడు.

నేను తలుపు వైపు చూశాను. కింద రెండు వేళ్ళు దూరేంత సందు.

"నువ్వు పడుకునేది ఎక్కడ?"

"ఈ పక్క గదిలనే."

ఇద్దరం కదల్లేదు. తర్వాత నేల చూసుకుంటూ, ఒక్కో అడుగే వేస్తూ బయటపడ్డాం. గుమ్మం దగ్గర అతను చెప్పుల్లో కాలు పెట్టబోతే చెయ్యి పట్టి లాగేశాను. కాలే బండల మీద ఉత్తి కాళ్ళతో కారు దాకా పరిగెత్తాడు.

"అధికార్లకు చెప్తే సార్ నన్ను పంపిచ్చేస్తడు మేడమ్" అన్నాడు. అయినా నేను ఫోన్ చేశాను. అతను ఆపలేదు.

వాళ్ళొచ్చి పెట్టెలోని పాముని పట్టుకెళ్ళారు. ఇల్లంతా వెతికారు. అతని మంచం మీద, దిండుకీ గోడకీ మధ్య, పాము విడిచిన కుబుసం దొరికింది. ఇంకా మెత్తగానే ఉంది. అతను మెడ తడుముకుంటూ నిలబడ్డాడు. పాము మాత్రం దొరకలేదు.

అతనికి మెసైమీర్‌లో వేరే పని దొరికింది. లైటార్పి పడుకోలేకపోతున్నానని ఒకసారి ఫోన్‌లో చెప్పాడు. పట్టుకెళ్ళిన పాము అక్కడి పాములకి రోగాలు అంటిస్తుందన్న భయంతో దాన్ని దీవికి తిరిగి పంపలేదు. అది ఏమీ తినకుండానే చచ్చిపోయింది. ఆ కబురు విని ఏడ్చాను. రెండోది చచ్చిపోయి ఉంటే బాగుండునని మాత్రం ఇప్పటికీ అనుకుంటాను. ఆ విల్లా ఉన్న వీధిలో సాయంత్రాలు పిల్లలు ఆడుకుంటారు.