రాని గంటకు పెట్టిన సంతకం

2019 మే నెల. బోగోలు మండలంలో, సముద్రానికి ఒకటిన్నర కిలోమీటరు దూరాన ఉన్న ఒక ఐస్ ఫ్యాక్టరీలో నేను పగటి షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. ఆ పనిలో చేరి అప్పటికి ఇరవై రెండేళ్ల నాలుగు నెలలు. వేట నిషేధం రోజులు కావడంతో పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఐసు అడిగేవాళ్లు లేరు. ఉన్న మూడు కంప్రెసర్లలో ఒక్కటే నడిచేది. అమ్మోనియా గ్యాసును ఒత్తి పైపుల్లోకి పంపే యంత్రం అది. మధ్యాహ్నం రెండు దాటాక దాని హోరు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. కొన్నాళ్లకు ఆ హోరు కూడా చెవికి తెలియదు.

మా పనిలో ముఖ్యమైనది లాగ్ షీట్. అట్టకు బిగించి గేటు పక్కన వేలాడదీస్తాం. ఆపరేటర్ ప్రతి గంటకూ కంప్రెసర్ గదిలో, ఆ తర్వాతి అరగంటకు పైకప్పు మీద గ్యాసును చల్లార్చే కండెన్సర్ దగ్గర రీడింగ్ చూడాలి. వెళ్లే ముందు చోటు రాయాలి, తిరిగొచ్చాక అంకె రాయాలి. చోటు రాసి ఉండి అంకె గడి ఖాళీగా ఉందంటే, మనిషి ఇంకా అక్కడే ఉన్నాడని అర్థం. రెండు గంటలకొకసారి నేను యంత్రాలు చూసి కింద సంతకం చేయాలి.

ఆపరేటర్ మస్తానయ్యకు నలభై ఒకటి. ఖాళీ దొరికితే ఫోన్‌లో రైలు వీడియోలు చూసేవాడు. కథా ఉండదు, పాటా ఉండదు. ఇంజిన్ ముందు కెమెరా పెట్టి తీసినవి, ఏదో చలి దేశంలో మంచు మధ్య నుంచి పోతూనే ఉండే రైళ్లు. నేను ఆఫీసు కంప్యూటర్‌లో అంకెల గళ్లు నింపే ఆట ఆడేదాన్ని. సగటున రోజుకు మూడు. అతన్ని నేను మందలించలేదు. ఏ నోటితో మందలిస్తాను?

మే 21, మంగళవారం. రెండు గంటలకు సంతకానికి వెళ్తే షీట్ నాలుగు గంటల దాకా నింపి ఉంది.

"ఏం మస్తానయ్యా, నాలుక్కి రావాల్సింది ఇప్పుడే రాసేసినావే?"

"మారేదేముందక్కా? నిన్నా ఇదే, మొన్నా ఇదే. రేపటిది కూడా చెప్పమంటావా?"

"జాతకాలు కూడా చెప్తావా నువ్వు?"

"నీది చెప్తా విను. నాలుక్కి ఈ ఎండలో మళ్లా ఇంత దూరం నడిచొస్తావు. వద్దనుకుంటే ఆ సంతకం కూడా ఇప్పుడే గీకి పో."

నవ్వాను. ఆట మధ్యలో వదిలి వచ్చాను, ఇంకా పదకొండు గళ్లు మిగిలాయి. నాలుగు గంటల గడిలో కూడా సంతకం చేశాను.

మూడు గంటల ఆరు నిమిషాలకు అమ్మోనియా వాసన వచ్చింది. ముక్కులో సూది దిగినట్టు ఘాటు, కళ్లలో మంట. సైరన్ నొక్కాను. ఆ రోజు హాజరు ఏడుగురు. గేటు బయట లెక్కపెడితే ఆరుగురం.

"మస్తానన్న లేడక్కా!" అన్నాడు లోడర్ కోటయ్య. "యాడుండాడో ఏమో!"

ఉన్న మాస్కు ఒక్కటి. దాన్ని ఎక్కడికి పంపాలో నేను చెప్పాలి. షీట్ చూశాను. రెండున్నరకు పైకప్పు, రీడింగ్ గడి నిండింది. మూడు గంటలకు కంప్రెసర్ గది, ఆ వేళకు చివరగా వెళ్లాల్సిన చోటు అదే.

"కంప్రెసర్ గది," అన్నాను.

ఆ అంకెలు ఉత్తివని తెలిసినవాళ్లం లోకంలో ఇద్దరమే. ఒకడు కనిపించడం లేదు. రెండోదాన్ని నేను. అయినా నమ్మాను. గడిలో అంకె ఉంటే ఆ పని జరిగినట్టే అని నమ్మడం నాకు ఇరవై రెండేళ్ల అలవాటు.

మాస్కు వేసుకుని కోటయ్య ఆ గదంతా వెతికాడు. పక్కన ఐసు కట్టే ఉప్పునీటి తొట్టెల చుట్టూ వెతికాడు. మనిషి లేడని బయటికొచ్చాడు. నేను గేటు దగ్గరి మెయిన్ స్విచ్ ఆపేశాను. హోరు ఆగింది. ఆ ఆవరణ అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ ఎరగను.

అప్పుడు రైలు కూసింది.

రైలు పట్టాలు మాకు చాలా దూరం. ఈ కూత మా నెత్తిమీద నుంచి వచ్చింది, సన్నగా, ఆగి ఆగి. ఆ వెనకే పట్టాల మీద చక్రాల చప్పుడు. ఆరుగురం తలెత్తి చూశాం. పైన తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు.

"అక్కా, పైన రైలు పోతా ఉండాదే!" అన్నాడు కోటయ్య, మాస్కు సగం తీసి.

"ఫోను! పైకి పో!" అని అరిచాను.

సిగ్నల్ బాగుంటుందని మస్తానయ్య రెండున్నర నుంచీ కండెన్సర్ నీడలో కూర్చున్నాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్ ఉండటంతో పక్కనే వాల్వు లీకై బుసకొట్టిన శబ్దం వినలేదు. గ్యాసుకు స్పృహతప్పి పడ్డప్పుడు వైరు ఊడి, ఫోన్ బయటికి మోగింది. కోటయ్య అతన్ని భుజాన వేసుకుని దించేసరికి మూడూ పంతొమ్మిది. పదమూడు నిమిషాలు. రెండున్నర గడి ఖాళీగా ఉండి ఉంటే మాస్కు నేరుగా పైకి వెళ్లేది.

సరిగ్గా నాలుగు గంటలకు నేను కావలి ఆసుపత్రి వరండాలో ఉన్నాను. అదే సమయానికి షీట్ మీద నేను కంప్రెసర్ గదిలో నిలబడి అంతా సవ్యంగా ఉందని చూస్తున్నాను. అక్కడ, ఆ షీట్‌లో, నా పక్కన మస్తానయ్య కూడా ఉన్నాడు.

అతను బతికాడు. పంతొమ్మిది రోజులకు ఇంటికి వెళ్లాడు. గొంతు మాత్రం తిరిగి రాలేదు, ఇప్పటికీ గుసగుసే. విచారణలో మేనేజర్ తప్పంతా ఫోన్ మీద వేసి, మస్తానయ్యను తీసేయాలన్నాడు. నేను షీట్ తెచ్చి బల్ల మీద పెట్టాను. "నాలుగు గంటల సంతకం నాది. ఫోన్ చూసినందుకు అతన్ని తీసేస్తే, ఆఫీసులో ఆట ఆడినందుకు నన్నూ తీసేయండి," అన్నాను. ఇద్దరికీ రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి వదిలేశారు.

పనిలోకి వచ్చిన రోజు మస్తానయ్య ఆ షీట్ చూపించమన్నాడు. వేలు పెట్టి ఒక్కో గడీ చదివాడు.

"నాలుక్కి నేను బాగానే ఉండానే, అక్కా," అన్నాడు గుసగుసగా. "వీడెవడో ఇంకో మస్తానయ్య."

షీట్‌లోని మా ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారేమోనని కంప్రెసర్ గది వైపు చూశాను.

పని లేని వేళ ఇంటర్నెట్ చూడటం తప్పా అని కొత్తగా చేరినవాళ్లు అడిగేవారు. చూసుకోండి అనేదాన్ని. మా పనిలో సగం కాచుకుని ఉండటమే. ఊరికే కాచుకుని ఉండటం కష్టం, నాకూ తెలుసు. కానీ ఎక్కడున్నారో అక్కడే ఉన్నట్టు రాయండి. గడి నింపలేకపోతే ఖాళీగా వదలండి. ఆ ఖాళీని చూసి మీ కోసం ఎవరైనా పైకి వస్తారు.

నేను రిటైరై మూడేళ్లయింది. అంకెల ఆట ఇప్పుడూ ఆడతాను, పేపర్లో వచ్చేది. మధ్యాహ్నం నాలుగు కొట్టేటప్పుడు మాత్రం పెన్ను కింద పెడతాను.