పెద్ద టైర్లు వేశాక గేర్లు మార్చాలా? అంతర్వేది ఇసుకలో, నరసాపురం రేవులో తేలిన జవాబు

ఈ చలికాలం మా వారిని జీపులో మారేడుమిల్లి కొండల మీదికి తీసుకెళ్ళి తీరాలని నేను పట్టుపట్టాను. ఆరేళ్ళ క్రితం రోడ్డు ప్రమాదంలో ఆయన వెన్నెముకకి దెబ్బ తగిలింది. నడుము కింద కదలిక లేదు. అంతకుముందు ఈ పాత జీపుని ఆయనే నడిపేవారు, ఆయనే బోల్టులు విప్పి బిగించేవారు. ఇప్పుడు నడిపేది నేను. ఆయన ఎడమవైపు సీట్లో కూర్చుని, ఇంజను చప్పుడు విని ఏ గేరు వెయ్యాలో చెబుతారు. అమలాపురంలో బడికి వెళ్ళి పాఠాలు చెప్పుకునే నాకు జీపు నడపడం ఆ విధంగా వచ్చింది.

బండి ఇసుకలోనో బురదలోనో దిగబడితే తోయడానికి ఆయన దిగలేరు కాబట్టి, అసలు దిగబడకుండా ఉండాలని వేసవిలో పెద్ద టైర్లు వేయించాం. అప్పటినుంచి బండి బరువెక్కినట్టు అయిపోయింది. టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం తిరగాలి, కానీ ఇంజను బలం పాతదే. ఎదురుగాలిలో సైకిలు తొక్కినట్టు ఉండేది. మా మెకానిక్ సత్తిబాబుని అడిగితే ముందు, వెనక ఇరుసుల్లో ఉండే క్రౌను, పినియను అనే పళ్ళ చక్రాల జతలు మారిస్తే పోయిన బలం తిరిగొస్తుందన్నాడు. "మన కోనసీమంతా బల్లపరుపే కదండీ. ఇక్కడ తిరగడానికైతే మార్చక్కర్లేదండి. కొండలెక్కుతానంటే మాత్రం ఆలోచించాలండి. తక్కువ ఖర్చు కాదండి మరి, ఓసారి బరువేసుకుని తిరిగి చూడండి, ఆయ్" అన్నాడు. మా వారు మాత్రం, "వేగం తగ్గించి బలం పెంచే లో గేరు లివరు ఉండగా ఇంకో ఖర్చెందుకు? కష్టమైన చోట అది వేస్తే సరిపోతుంది" అన్నారు. నాకు రెండు మాటలూ నిజమే అనిపించాయి. అందుకే ఒక ఆదివారం, కొండ ప్రయాణానికి ఎంత సామాను పెడతామో అంతా పెట్టుకుని, చక్రాల కుర్చీ వెనక కట్టుకుని బయల్దేరాం.

అమలాపురం నుంచి తెల్లవారుతుండగానే బయటపడటం మంచిది. తర్వాత కొబ్బరికాయల లారీలు, పెళ్ళి బస్సులు అడ్డం పడతాయి. బోడసకుర్రు దగ్గర గోదావరి పాయ వైనతేయ మీద వంతెన ఎక్కేటప్పుడే మొదటి పరీక్ష ఎదురైంది. సముద్రం వైపు నుంచి గాలి కొడుతోంది. ఐదో గేరులో బండి మూలిగింది. నాలుగుకి దించాను. వంతెన దిగి మళ్ళీ ఐదు వేస్తే, చిన్న ఎత్తు రాగానే మళ్ళీ మూలుగు. మా వారి చెవి ఇంజను వైపే ఉంది. రాజోలు దాటి మలికిపురం చేరేసరికి నేను ఎన్నిసార్లు గేరు దించానో నాకే తెలీదు. ఎడమ కాలి పిక్క పట్టేసింది.

మలికిపురం దాటాక రోడ్డు పక్కన ఒక చిన్న హోటల్లో ఆగాం. పెసరట్టు, ఉప్మా, అల్లం పచ్చడి. ఇద్దరం కడుపునిండా తిన్నా వంద నోటు దాటలేదు. పొయ్యి దగ్గరున్న ఆవిడ మా వారు కుర్చీలోకి దిగడం చూసి గరిట అట్టు మీదే ఉంచి ఆగిపోయారు. టైర్లు మార్చాక సీటు ఎత్తు పెరిగింది. సీటుకీ కుర్చీకీ మధ్య నున్నటి చెక్క పలక వేసి, దాని మీద జరిగి ఆయన దిగుతారు. ఆ పలక ఇప్పుడు మునుపటికన్నా ఏటవాలుగా ఉంటోంది.

"ఇంత ఎత్తు బండెందుకు కొన్నారండి అన్నయ్యగారూ? కారైతే సుఖంగా ఉండేది కదండీ" అన్నారావిడ.

"కారు సముద్రం దాకా వెళ్ళదండి" అన్నారు మా వారు నవ్వుతూ.

"ఇసకలోకే? మొన్నెవరో దింపేసి ట్రాక్టరు తెప్పించుకున్నారండి. జాగ్రత్తండి బాబూ" అని ఇంకో అట్టు, అడక్కుండానే, ఆయన ఆకులో వేశారు.

సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది అక్కడినుంచి ఎంతో దూరం లేదు. గుడి దాటి సముద్రం వైపు వెళితే రోడ్డు ఇసుకలో కలిసిపోతుంది. వలలు బాగుచేసుకుంటున్న ఒకాయన్ని బండి దించవచ్చా అని అడిగాను. "తడిసిన చోట గట్టిగానే ఉంటదండి. ఆ పొడి ఇసక దిబ్బల జోలికి మటుకు ఎల్లకండి, తాబేళ్ళు గుడ్లు పెడతాయండి అక్కడ" అని దారి చూపించారు. ఇసుకలో పట్టు దొరికేలా టైర్లలో గాలి సగం దాకా తీసేశాను. నాలుగు చక్రాలకీ బలం అందేలా లివరు వేసి, లో గేరులో మెల్లగా దిగాను. పాత టైర్లతో కిందటేడు ఇక్కడే, రోడ్డు చివరే ఆగిపోయాం. ఈసారి బండి ఒక్క కుదుపు లేకుండా, దిబ్బల పక్కగా, పొడి ఇసుక మీంచి తడి ఇసుకలోకి వచ్చేసింది.

కుర్చీ దింపాను. కానీ చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. దాంతో ఆయన జీపు గడప మీదే కూర్చుని కాళ్ళు కిందికి వేలాడదీశారు. ఒక అల వచ్చి పాదాలు తడిపింది. ఆ చల్లదనం ఆయనకి తెలియదు. అయినా వంగి, చేత్తో ఆ నీళ్ళు తీసుకుని ముఖానికి రాసుకున్నారు. టైర్లకి పెట్టిన డబ్బు గురించి నాకున్న గుంజాటన అక్కడితో పోయింది.

"చూశావా, లో గేరుంటే చాలు. క్రౌను, పినియను గొడవే వద్దు" అన్నారు మా వారు. నిజమే అనుకున్నాను. గాలి మళ్ళీ కొట్టుకుని సఖినేటిపల్లి రేవుకి తిరిగొచ్చాం.

ఇక్కడి నుంచి నరసాపురానికి బళ్ళని కూడా ఎక్కించుకునే పెద్ద పడవ, పంటు, ఉంటుంది. టిక్కెట్టు బండిని బట్టి మారుతుంది కాబట్టి రేవులోనే అడగండి. మేం వెళ్ళేసరికి పాటు వేళ. అంటే సముద్రం వెనక్కి లాగి, నదిలో నీరు దిగిపోయి, రేవు ఏటవాలు బాగా బయటపడింది. ఎక్కడం సులువుగానే అయింది. గోదావరి మీద గాలి హాయిగా ఉంది. అవతల నరసాపురం రేవులో పంటు ఆగింది. ముందు కొబ్బరికాయల ట్రాలీ ఆటో, దాని వెనక మేము, మా వెనక మోటారు సైకిళ్ళ మీద ఒకటి రెండు కుటుంబాలు.

ఆటో సగం ఏటవాలు ఎక్కి ఆగిపోయింది. నేనూ ఆగాల్సి వచ్చింది. కాసేపటికి ఆటో కదిలింది. మొదటి గేరు వేసి క్లచ్ వదిలాను. బండి వణికి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసి, ఈసారి గట్టిగా ఎక్సలేటరు తొక్కాను. క్లచ్ ప్లేటు మాడిన వాసన గుప్పుమంది. బండి ముందుకి పోకపోగా బెత్తెడు వెనక్కి జారింది. వెనక ఎవరో ఆడమనిషి కేక పెట్టింది. అద్దంలో చూస్తే, ఆవిడ ఒళ్ళో పసిబిడ్డ.

రెండు కాళ్ళూ బ్రేకు, క్లచ్ మీద నొక్కిపెట్టాను. హ్యాండు బ్రేకు కూడా లాగాను. పక్కన మా వారున్నారు, ఏదన్నా జరిగితే ఆయన దూకలేరు. పంటు మీంచి ఒకాయన చెక్క దుంగ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"కంగారు పడకండమ్మగారూ! చక్రం కింద దుంగ పెట్టేనండి. బండెక్కడికీ పోదండి, ఆయ్!"

"లలితా, ఇటు చూడకు. ఎదురుగా చూడు" అన్నారు మా వారు. గొంతు మామూలుగానే ఉంది. "హ్యాండు బ్రేకు లాగే ఉంచు. క్లచ్ పూర్తిగా నొక్కు. లివరు నేను లాగుతాను."

సీట్ల మధ్య ఉన్న లో గేరు లివరు ఆయన కుడిచేత్తో లాగారు. ఠక్కున పడింది. మొదటి గేరు వేసి, క్లచ్ మెల్లగా వదిలి, బండి పట్టుకుందని పాదానికి తెలిశాక హ్యాండు బ్రేకు దించాను. చీమ నడిచినట్టు జీపు కదిలి, ఆ తడి ఏటవాలంతా ఎక్కి, పైన చదును నేల మీద ఆగింది. దుంగ పెట్టినాయన పైకి వచ్చి, "ఎక్కేసేరు కదండీ" అని నవ్వేడు. ఆయనకి రెండు చేతులూ జోడించాను.

పాలకొల్లు మీదుగా వచ్చి చించినాడ వంతెన దగ్గర కొబ్బరి బొండాలకి ఆగాం.

"పాత టైర్లే వేయించేద్దాం లలితా. నా సరదా కోసం నువ్వు వణికిపోతూ నడపడం నాకిష్టం లేదు" అన్నారు మా వారు.

"వణికేనండి. ఎక్కించేను కూడా" అన్నాను. "ఎక్కడో ఇసకలో పది నిమిషాలకైతే లో గేరు సరిపోద్ది. ప్రతి వంతెనకీ, ప్రతి మలుపుకీ మీరు లివరు లాగుతూ కూర్చుంటారా? అక్కడ కొండలో సగం ఎత్తులో బస్సు ఎదురొస్తే? టైర్లు తీసేది లేదు. గేర్లే మార్పిద్దాం. నడిపేది నేను, నా కాలికి తెలిసింది చెబుతున్నాను."

ఆయన బొండాం పూర్తిచేసేదాకా ఆగి, "సరే, నీ ఇష్టం" అన్నారు. ఆ మాటలో అలక లేదు.

సత్తిబాబు విడిభాగాలు తెప్పించి, ముందు ఇరుసులోనూ వెనక ఇరుసులోనూ ఒకే లెక్క పళ్ళున్న జతలు వేశాడు. వెనకది ఒక్కటే మార్చి డబ్బు మిగుల్చుకుందామని మొదట నేనే అడిగాను. "అలా చేస్తే ముందు చక్రాలు ఒక లెక్కన, వెనకవి ఒక లెక్కన తిరుగుతాయండి. నాలుగు చక్రాలూ కలిపేసరికి లోపలంతా విరిగిపోద్దండి" అని అతను ఒప్పుకోలేదు. మాడిన క్లచ్ ప్లేటు కూడా మార్చాల్సి వచ్చింది. బండి చేతికొచ్చాక పాటు వేళ కనుక్కుని, మళ్ళీ నరసాపురం రేవుకి వెళ్ళాం. ఈసారి మా వెనక ఎవరూ లేకుండా చివరగా దిగాను. ఏటవాలు మధ్యలో, కావాలనే బండి ఆపాను. లో గేరు ముట్టుకోలేదు. మొదటి గేరు వేసి క్లచ్ వదిలాను. జీపు ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకుండా పైకి వెళ్ళిపోయింది. మా వారు రెండు చేతులూ ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నారు.

గేర్లు మార్చడం వల్ల నష్టం లేకపోలేదు. హైవే మీద ఇంజను కాస్త ఎక్కువ అరుస్తుంది, డీజిలు పొదుపేమీ లేదు. ఊళ్ళో రోడ్ల మీదే తిరిగేవాళ్ళకి ఈ ఖర్చు దండగే, వాళ్ళు పాత సైజు టైర్లతో సుఖంగా ఉండవచ్చు. మాకు మాత్రం మారేడుమిల్లితో మొదలుపెట్టి వెళ్ళాల్సిన చోట్లు ఉన్నాయి, అక్కడికి ఇద్దరం కలిసే వెళ్ళాలి. ఆ రోజు రేవులో నాకు కలిగిన భయం చిన్నది కాదు. అయితే దానికి లొంగి టైర్లు తీసేసి ఉంటే, ఆయనకి సముద్రం మళ్ళీ రోడ్డు చివరి నుంచి చూసేదే అయ్యేది. మీరూ ఇలాంటి నిర్ణయం ముందు నిలబడి ఉంటే నేను చెప్పగలిగింది ఒక్కటే: ప్రయాణంలో తీసుకెళ్ళే మనుషుల్నీ సామానునీ పూర్తిగా ఎక్కించుకుని, వెనక ఎవరూ లేని ఒక ఏటవాలు మధ్యలో బండి ఆపి, చక్రం కింద దుంగ పెట్టుకుని, మామూలు మొదటి గేరులో కదిలించి చూడండి. క్లచ్ వాసన వచ్చిందా, గేర్లు మార్పించండి.