తిరిగి వెళ్ళిన మెయిల్

అతని మెయిళ్ళన్నీ వచ్చిచేరే సర్వర్ కంప్యూటర్ ఇంట్లోనే, బట్టల బీరువా పక్కన గుయ్యిమంటూ ఉంటుంది. పొద్దున్నే పళ్ళు తోముకుంటూనే దాని దుమ్ము తుడుస్తాడు. కొత్త అడ్రసు నుంచి వచ్చే ఏ మెయిల్‌నైనా మొదటిసారి వెనక్కి తిప్పేలా దాన్ని అమర్చాడు. "నిజంగా పనున్నవాళ్ళయితే మళ్ళీ పంపుతార్లే" అని మీసం మెలేసేవాడు. చెత్త మెయిల్ ఒక్కటీ లోపలికి రాలేదు. బావ పోయాడని ఎవరో చెబితే తెలిసి, అక్క దగ్గరికి పరిగెత్తాడు. "నువ్వు ఫోనెత్తవని, ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా ఆఫీసు మెయిల్ నుంచి రాశాన్రా. తిరిగొచ్చింది. మా మీద కోపం ఇంకా తగ్గలేదేమోనని ఊరుకున్నా" అంది అక్క, అతని ముఖం చూడకుండా. ఇంటికొస్తూనే ఆ ఏర్పాటు తీసేశాడు. ఇప్పుడు చెత్త కుప్పలుతెప్పలుగా వచ్చిపడుతోంది. ఒక్కోదాన్నీ తెరిచి, చివరి వాక్యం దాకా చదివిగానీ చెరపడు.