విమానానికి వేసిన దస్తీ

ఆ రోజుల్లో మా మెదక్ బస్టాండులో సీటుకు ఒకే ఒక్క చట్టం ఉండేది. బస్సు లోపలికి మలుపు తిరుగుతుండగానే దాని వెంట పరుగెత్తి, కిటికీలోంచి చెయ్యి పెట్టి, సీటు మీద దస్తీ, అదే చేతిరుమాలు, వేసినవాడిదే ఆ సీటు. దస్తీ లేనివాడు తువ్వాల వేసేవాడు, తువ్వాల లేనివాడు టోపీ వేసేవాడు, ఏదీ లేనివాడు కండక్టరుతో కొట్లాట వేసుకునేవాడు. గుడ్డ పడ్డ తర్వాత ఆ సీటులో తహసీల్దారు కూర్చోబోయినా బస్సంతా ఒక్కటై "దస్తీ కనవడ్తలేదా సారూ" అని లేపేది. పెద్ద చదువుల వాళ్ళు రాసిన చట్టాలు నేను చాలానే చదివాను (పదో తరగతిలో లెక్కలు నన్ను ఆపేశాయి గనుక, ఆ తర్వాత చేతికి దొరికిన కాగితమల్లా చదువుతూ వచ్చాను). ఇంత న్యాయమైనది ఇంకొకటి నాకు కనబడలేదు. ఇప్పుడు ఫోనులోనే బస్సు బొమ్మ గీసి ఉంటుంది, వేలు పెడితే సీటు మనది. వేలు పెట్టడానికి పరుగెత్తే పని లేదు. పరుగెత్తే పని లేని సీటులో ఎవరి కోసం ఎవరు పరుగెత్తారన్నది ఎట్లా తెలుస్తుంది?

ఆ విద్యలో నేను బస్టాండుకే మొనగాణ్ణి. అడిగినవాళ్ళకు అడిగినందుకు వేసేవాణ్ణి, ఒక్కరికి మాత్రం అడగకుండానే వేసేవాణ్ణి. ఆమె చర్చి తోటమాలి బిడ్డ. హైదరాబాదులో నర్సు చదువు చదివేది. సెలవులకు వచ్చి తిరిగి వెళ్ళే రోజున నా దస్తీ కిటికీ పక్క సీటు మీద పడి ఉండేది. ఆమె వచ్చి దాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, ఒళ్ళో ఉంచుకుని కూర్చునేది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చెయ్యి చాపి తిరిగి ఇచ్చేది. "జర పైలం" అనేవాణ్ణి. "నువ్వు గూడ, బస్సు కింద పడకు" అనేది. మా మధ్య నడిచిన కథ అంతే. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు ఆ దస్తీని ఉతకనిచ్చేవాణ్ణి కాదు. "దానికేమన్న రోగమచ్చిందారా, గట్ల దాస్తున్నవ్" అని మా అమ్మ అడిగేది. రోగం దస్తీకి కాదని ఆమెకూ తెలుసు.

అప్పుడే దేశం తలుపులు తెరిచారని పేపర్లలో రాశారు. మా ఊరిదాకా వచ్చేసరికి తెరుచుకున్నది ఒక ఎస్టీడీ బూతు తలుపు. దాని యజమానిని అందరూ సేటు అనేవారు. ఆయన బూతులోనే ఇంకో బల్ల వేసి, దాని మీద ప్లాస్టిక్ విమానం పెట్టి, బోర్డుకు 'ట్రావెల్స్' అని తగిలించి, నన్ను కూర్చోబెట్టాడు. టేక్మాల్ నుంచీ నర్సాపూర్ నుంచీ గల్ఫుకు పోయేవాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. బొంబాయి నుంచి వచ్చిన విమాన కంపెనీ ఇంగ్లీషు రూల్సు పుస్తకం ఒకటి కుర్చీ కాలు కింద ఉండేది. కుర్చీ ఊగినా సరే అని నేను దాన్ని తీసి, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. చదివినకొద్దీ నాకు రక్తం మరిగింది. విమానంలో సీట్లు తక్కువై మనుషులు ఎక్కువైతే ముందు ఎవర్ని ఎక్కించాలో అందులో రాసి ఉంది. మొదట విమానం ముందు భాగంలో, పరదా అవతల పెద్ద కేబినులో కూర్చునే మహారాజులు. ఆ తర్వాత తరచుగా తిరుగుతాడని కంపెనీ కార్డు ఇచ్చినవాడు. ఆ తర్వాత ఎక్కువ ధరకు టికెట్ కొన్నవాడు. అందరూ అయిపోయాక, ఏమైనా మిగిలితే, ముందుగా వచ్చి నిలబడ్డవాడు. అంటే పరుగెత్తి దస్తీ వేసినవాడు అందరికన్నా వెనక. ఈ చట్టం రాసినవాణ్ణి ఒక్క జాతర రోజు మెదక్ బస్టాండులో నిలబెట్టాలని నాకు ఈనాటికీ కోరిక.

ఆమెకు మస్కట్‌లో ఒక దవాఖానాలో ఉద్యోగం వచ్చింది. బొంబాయి నుంచి మస్కట్‌కు సీటు ఖాయం, హైదరాబాదు నుంచి బొంబాయికి మాత్రం స్టాండ్‌బై, అంటే చేతిలో టికెట్ ఉంటుంది, విమానంలో సీటు ఉండదు. ఎవరైనా రాకపోతే ఎక్కనిస్తారు. ఆ రోజు బొంబాయి చేరకపోతే ఆ ఉద్యోగం వరుసలో ఉన్న మరొకామెకు పోతుంది. "నువ్వే పోయి కౌంటర్ కాడ మాట్లాడు, బుక్కంత తాగినవ్ గదా" అన్నాడు సేటు. జీపులో ఆమె, తండ్రి ముందు కూర్చున్నారు, వెనక నా ఒళ్ళో పెట్టె ఉంది. నా మనసు ఎట్లా ఉందో చెప్పడానికి ఇన్నేళ్ళ తర్వాత కూడా సరైన మాట దొరకలేదు. సీటు దొరక్కపోతే ఆమె మెదక్‌లోనే ఉంటుంది, నేను దస్తీలు వేస్తూనే ఉంటాను. దొరికిందా, నా చేత్తో నేనే పంపినట్టు. నర్సాపూర్ అడవి దాటుతుండగా ఆమె వెనక్కి తిరిగి, "ఏజెంటు సాబ్, సీటు దొరుకుతది గదా" అంది. తండ్రి కూడా తిరిగి చూశాడు. "దొరకకుంటే నేనెందుకున్న" అన్నాను. నా నోరు ఎప్పుడూ నా మనసును అడిగి మాట్లాడలేదు.

హైదరాబాదు విమానాశ్రయంలో తండ్రి అద్దం తలుపు బయటే నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. ఏజెన్సీ పాసు మీద నేను ఆమెతో కౌంటరు దాకా పోయాను. మా ముందు ఎవరూ లేరు. నేను జేబులోంచి దస్తీ తీసి, దులిపి, కౌంటరు మీద పరిచాను. టై కట్టుకున్న అధికారి దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఏంటండీ ఇది?"

"దస్తీ సార్."

"తెలుస్తోంది. ఇక్కడెందుకు పెట్టారు?"

"మా పాసింజర్‌కు సీటు ఆపిన. అందరికంటె ముందుగాల మేమొచ్చినం, మీరు సూసిండ్రు గదా, మీరే గవాయి."

"ఇది బస్సు కాదండీ."

"బస్సైతే ఇంత లొల్లెందుకు సార్, ఎప్పుడో కూసుంటుండె."

ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని మెల్లగా లాగింది (మొదటిసారీ చివరిసారీ అదే). ఇంతలో సఫారీ సూటు వేసుకున్న ఒక పెద్దమనిషి భార్యతో వచ్చి, బంగారు రంగు కార్డు ఒకటి నా దస్తీ మీదనే పెట్టాడు. వాళ్ళిద్దరికీ సాయంత్రం విమానంలో పెద్ద కేబినులో సీట్లున్నాయట, పని తొందరగా అయిపోయింది గనుక దీంట్లోనే పోతారట. స్టాండ్‌బైలో వారే ముందు అన్నాడు అధికారి. నాకు పుస్తకం మొత్తం గుర్తుంది, ఆయన చెప్పింది అక్షరాలా నిజమని తెలుసు, అందుకే ఇంకా కోపం వచ్చింది. "సాయంత్రం సీటున్నాయన ముందుగాల, ఏ పూటా సీటు లేని పిల్ల వెనకనా? ఏ ఊరి ఇన్సాఫ్ సార్ గిది?" అన్నాను. ఎవరో అటు తిరిగి నవ్వారు. నేను మాత్రం దస్తీ తీయలేదు.

చివరికి అధికారి ఫోనులో ఎవరితోనో మాట్లాడి, "వెనక ఒక్క సీటూ లేదు. ముందు కేబినులో ఒక్కటి ఇవ్వగలను" అని పెద్దమనిషికి చెప్పాడు. ఆయన భార్య నెమ్మదిగా, "మీరు వెళ్ళండి, పాపం తొందరపని. నేను సాయంత్రం వస్తాను. వచ్చాక మాట్లాడుకుందాం" అంది. ఆయన కార్డు వంక చూసుకున్నాడు, భార్య వంక చూశాడు, కార్డు జేబులో పెట్టుకుని, ఇద్దరం సాయంత్రమే వెళ్తాం అన్నాడు. ఏ రూల్సు పుస్తకంలోనూ రాయని రూలు అది.

అధికారి మా వైపు తిరిగాడు. వెనక నిండిపోతే ముందు మిగిలిన సీటును వరుసలో ఉన్నవాళ్ళకు ఇవ్వడం ఆయన చేతిలో పని. అప్పటికి నన్ను వదిలించుకోవడం కూడా ఆయనకు అవసరమే. "మీరిద్దరా, ఒక్కరేనా?" అని అడిగాడు. ఆమె గంజి పెట్టిన తెల్ల చీర కొంగు సర్దుకుంటూ నా వైపు చూసింది. ఇద్దరం అంటే ఆ సీటు పోతుంది. ఆ చూపులో ఏముందో ఆలోచించేంత తెలివి నాకు అప్పుడు లేదు. ఇప్పుడుంది, దాంతో పని లేదు.

"ఒక్కరే సార్. నేను ఒట్టి దస్తీ ఏసేటోణ్ణి" అన్నాను.

ఆయన బోర్డింగు కార్డు రాసి, దాంతోపాటే దస్తీని కూడా ఆమె వైపు నెట్టాడు. ఆమె అలవాటు ప్రకారం నాలుగు మడతలు పెట్టి చేతిలో పట్టుకుని వెళ్ళిపోయింది. నేను మెట్లెక్కి, సాగనంపేవాళ్ళు నిలబడే వసారాలో కటకటాల దగ్గర నిలబడ్డాను. విమానం కదిలింది. నా కుడి చెయ్యి దానంతట అదే ముందుకు చాచుకుని ఉంది. పక్కన నిలబడ్డ ఆమె తండ్రి కళ్ళు తుడుచుకుంటూ, "ఏం కావాలె బిడ్డా" అన్నాడు. విమానం కిటికీలు తెరుచుకోవన్న సంగతి ఆ పుస్తకంలో ఎక్కడా రాయలేదు పెద్దయ్యా అని చెప్పలేక, "ఏం లేదు, వాన పడ్తదేమో చూస్తున్న" అన్నాను. ఎండ దంచి కొడుతోంది.

ఏళ్ళు గడిచాయి. ఆమెకు అక్కడే పెళ్ళయింది, నాకు ఇక్కడ అయింది. మళ్ళీ తెలంగాణ లొల్లి మొదలై బందులు, రాస్తారోకోలు, రోడ్ల మీద వంటలూ నడిచిన కాలం వచ్చింది. (టికెట్ చేతిలో ఉంది, సీటు మాత్రం ఎవరో కార్డు ఉన్నాయనకు పోతుంది. స్టాండ్‌బై అంటే ఏమిటో మాకు ఎవరూ నేర్పనక్కర్లేదని సభల్లో చెబుతుండేవాణ్ణి, చప్పట్లు బాగా పడేవి.) ఒకసారి అట్లాంటి బందు ముగిశాక, క్రిస్మసుకు ముందు, హైదరాబాదులో మెదక్ బస్సు ఎక్కడానికి జనం విరగబడ్డారు. నేను పొట్ట పట్టుకుని పరుగెత్తి, ఒక కిటికీలోంచి దస్తీ విసిరి, చుట్టూ తిరిగి తలుపులోంచి తోసుకుంటూ వచ్చేసరికి ఒక యువకుడు ఆ సీటులో కూర్చోబోతున్నాడు. కిటికీ పక్కనున్న ఆడమనిషి అతన్ని ఆపింది. "దస్తీ కనవడ్తలేదా తమ్మీ. మనిషి వస్తుండు."

తలలో కొంచెం తెల్లదనం, కళ్ళజోడు. గొంతు మాత్రం అదే. "గా ఉరుకుడు చూస్తేనే ఎరుకైంది, ఏజెంటు సాబ్" అంది. ముందు సీటులో ఆమె భర్తా, కూతురూ బస్సు కదలగానే కునికిపాట్లు పడ్డారు. చాలాసేపు అవీ ఇవీ మాట్లాడుకున్నాం. నర్సాపూర్ అడవి వచ్చాక ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"ఆ దినం విమానంల నా పక్క సీటు ఖాళీగనె ఉండె. ఎవరో మంత్రి మనిషి కోసం ఆఖరు దాకా ఆపిండ్రట, ఆయన రానే రాలే."

నాకు ఒళ్ళు మండింది. దస్తీ అయినా వేయకుండా సీటు ఆపుకునే జాతి వాళ్ళు. "మరి ఎవరు కూసున్నరు?"

"ఎవరు లేరు. నీ దస్తీ ఏసిన."

ఏదో ఒకటి మాట్లాడాలి గనుక, "మల్ల బొంబైల దిగేటప్పుడు తీసుకున్నవా?" అన్నాను.

"ఎట్ల తీస్త? దస్తీ తీస్తే సీటు పోతది గదా. గట్లనే ఉంచి దిగిన."

మెదక్ దగ్గర పడేసరికి దూరంగా చర్చి శిఖరం కనబడింది. ముందు సీటులో పిల్ల లేచి "అమ్మా, వచ్చినమా" అని అడిగింది.

ఇప్పుడు నాకు మోకాళ్ళు లేవు, పరుగు లేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే పైనుంచి విమానం పోతుంది. మనవలు చెయ్యి ఊపుతారు. నేను ఊపను. ఆ కంపెనీ పుస్తకం ఏమైనా చెప్పనీ, మెదక్ బస్టాండు చట్టం ప్రకారం పరదా అవతల ఆమె పక్క సీటు ఈనాటికీ నాదే. నా దస్తీ అక్కడే ఉంది. మనిషి రావడం కొంచెం ఆలస్యమైంది, అంతే.