ఏసీ గదిలో కురవని వాన

విజయకుమార్ తిరువళ్లూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పనిచేస్తాడు. ఎనిమిదేళ్లుగా అతని దగ్గర ఒక యంత్రం ఉంది. యంత్రమనగానే పెద్దదనుకునేరు. దాని వేళ్లు రెండూ వెంట్రుక కంటే సన్నం. ఆవగింజను ఎత్తమంటే వాటికి చిన్నతనం. ఆవగింజ మీద వాలిన దుమ్ములో ఒక్క రేణువును ఎంచి పక్కన పెట్టమంటే పెడతాయి. దోమ మీసానికి పాపిడి తీయగలవని కాలేజీలో పిల్లలు చెప్పుకునేవాళ్లు. అది మాత్రం అబద్ధం. దోమ ఒప్పుకోలేదు.

పట్టుకోవడం అంత పెద్ద విద్యేమీ కాదు. కష్టమంతా వదలడంలో ఉంది. గులకరాయిని వదిలితే తన బరువుకు తానే కిందపడుతుంది. రేణువుకు ఆపాటి బరువు ఉండదు గనుక వేలికే అతుక్కుని కూర్చుంటుంది. విజయకుమార్ మూడేళ్లపాటు ఆ వేళ్లను అద్దంలా నునుపు చేశాడు. నునుపయ్యేకొద్దీ అతుక్కోవడం పెరిగింది. చివరికి విసుగెత్తి ఆ వేళ్లను గరుకు కాగితం మీద రుద్దేశాడు. గరుకు వేలు రేణువును అక్కడక్కడ మాత్రమే తాకుతుంది కాబట్టి చెప్పినచోట వదిలేసింది. దాని మీద అతను రాసిన వ్యాసాన్ని ప్రపంచం మొత్తంలో పదకొండు చోట్ల ప్రస్తావించారు. అందులో నాలుగు చోట్ల ప్రస్తావించింది అతనే.

తిరుత్తణి పక్క పల్లెలో ఉండే వాళ్లమ్మ అలిమేలమ్మ, కొడుకు ఏం పని చేస్తాడని ఎవరైనా అడిగితే దుమ్ము ఏరతాడని చెప్పి, ఇంకో ప్రశ్న రాకముందే చేతిలో కాఫీ పెట్టేది.

ఆ ఏడు వానలు మొదలైన వారంలో డీన్ వరదన్ అందరికీ ఒక ఫారం పంపాడు. మీ పరిశోధన ఎవరికి ఉపయోగపడింది, పేరు రాయండి, శుక్రవారం కమిటీ కూర్చుంటుంది అని అందులో ఉంది. పేరు రాసే గడి ఖాళీగా వస్తే ల్యాబు గదిలో పిల్లలకు ఇంటర్వ్యూ శిక్షణ పెడతారని కబురు. విజయకుమార్ రెండు రోజులు ఆ గడివైపు చూస్తూ కూర్చున్నాడు. రాయడానికి ఒక్క పేరు దొరకలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, గరుకు వేలి గురించి తను విద్యార్థుల కోసం తమిళంలో పెట్టిన వీడియో కింద ఎవరో రాసిన ఒక్క వాక్యం. వానకాలంలో వదలడం లేదు, ఏం చేయాలి అని. ఎవరో ఆకతాయి అనుకుని పట్టించుకోలేదు. ఇప్పుడు, ఏం వదలడం లేదని అడిగాడు. విత్తనం అని జవాబొచ్చింది. దాంతోపాటు ఆర్.కె.పేటలో ఒక నర్సరీ చిరునామా. మరుసటిరోజు ఉదయమే బస్సెక్కాడు.

రాసింది వనజాక్షి. యాభై దాటిన మనిషి. పచ్చ వల కింద పీటమీద కూర్చుని, నల్లటి ప్లాస్టిక్ ట్రేల గుంటల్లో గుంటకొకటి చొప్పున విత్తనాలు వేస్తోంది. అవి చెన్నై బాల్కనీల్లో పూసే బిగోనియాలు. విత్తనం చూడ్డానికి ముక్కుపొడిలా ఉంటుంది. ఒకసారి ఆమె తుమ్మితే రెండు ట్రేల పంట ఎగిరిపోయి వీధి చివర పోలీసు స్టేషను కప్పుమీద పూసిందట. ఆ ఊళ్లో దీన్ని కాదన్నవాళ్లు లేరు.

విజయకుమార్ తమిళంలో పలకరించాడు. ఆమె చేయెత్తి ఆగమని, లోగొంతుకతో తెలుగులో గుంటలు లెక్కపెట్టుకుంటూ వరుస పూర్తిచేసింది. ఆ అంకెలు విన్నాక అతనూ తెలుగులోకి వచ్చేశాడు.

"మిషన్ యాడుంది అక్కా?" అని అడిగాడు.

"మిషనా? నాకెందుకది?" అని కుట్టుసూది చూపించింది. "మీరే చెప్పినారు గదా అన్నా, గరుకుగా రుద్దితే వదుల్తుందని. రుద్దినాను. ఎండాకాలమంతా బంగారంలా వదిలింది."

ముందంతా తడి పుల్లతో ఎత్తేదట. ఒక్కో గుంటలో ముగ్గురు నలుగురు తోబుట్టువులు మొలిచి ఒకరినొకరు తొక్కుకునేవాళ్లట. సూది వచ్చాక గుంటకొకటే. కానీ వాన మొదలైతే చాలు, పదిసార్లలో ఎనిమిదిసార్లు విత్తనం సూదిని పట్టుకునే ఉంటోంది.

"మీ వీడియోలో ఆ మాటే లేదే. మీ కాడ వాన పడదా?" అంది.

 విజయకుమార్ ల్యాబులో ఏసీ ఎనిమిదేళ్లుగా ఆగలేదు. అతను కొలిచినవన్నీ ఆ పొడిగాలిలో కొలిచినవే. బయట ఎన్ని వానలు కురిసినా ఒక్కటీ లోపలికి రాలేదు.

తిరుగు బస్సులో మోకాలిమీద ఫారం పెట్టుకున్నాడు. ఆర్.కె.పేట నర్సరీలో వాడుతున్నారు అని రాస్తే గడి నిండుతుంది, గది దక్కుతుంది. మిగతాది అడిగేవాళ్లు లేరు. బస్సు కుదుపులకు పెన్ను రెండుసార్లు అక్కడే ఆగింది. చివరికి మొత్తం రాశాడు: వనజాక్షి యంత్రం వాడలేదు, సూది వాడింది, అదీ వానలో పనిచేయడం లేదు, కారణం నేను కొలవలేదు.

శుక్రవారం వరదన్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. అతని ఇంట్లోనూ తెలుగే.

"ఉండే ఒక్క మనిషీ నీ మిషన్ని ముట్టుకోలేదు. ఆ సూదీ వానలో ఫెయిలు. ఇదా నువ్వు రాసుకొచ్చేది?"

"జరిగింది అంతే సార్."

"ఎనిమిదేండ్లలో ఒక్కరోజన్నా ఏసీ ఆపలేదా?"

"లేదు సార్."

 కమిటీలో ఒకాయన, తడిగాలికి విత్తనం ఎందుకు అతుక్కుంటుందని అడిగాడు. సూదికీ విత్తనానికీ మధ్య కంటికి కనపడని నీటిపొర చేరుతుంది, అదే లాగుతుందని విజయకుమార్ చెప్పాడు. ఎంత తడికి ఎంత గరుకు కావాలని ఇంకొకాయన అడిగాడు. తెలియదన్నాడు. దాంతో వాళ్లిద్దరూ వాదనకు దిగారు. టీ చల్లారి మీగడ కట్టింది. చివరికి వరదన్ ఇంకో ఏడాది గది ఉంచుకోమన్నాడు. వానలో కొలిచేవాడికి ఏసీతో పనేముందని దాన్ని మాత్రం పరీక్షల విభాగానికి రాసిచ్చేశాడు.

సోమవారం ఏసీ ఊడదీసుకుపోయారు. గోడలో మిగిలిన కంతలోంచి పూండి చెరువు మీది గాలి జల్లుతో సహా లోపలికొచ్చింది. విజయకుమార్ వనజాక్షి ఇచ్చిన విత్తనాలు తీసి, యంత్రం గరుకు వేళ్లతో పదిసార్లు ఎత్తి దించాడు. లెక్క రాసుకుని ఆమెకు ఫోన్ చేశాడు.

"పదిట్లో తొమ్మిది అతుక్కునేసినాయి అక్కా."



"నాకు ఎనిమిదే గదన్నా. మీరు సరిగ్గా రుద్దినట్టు లేదు."