బొమ్మను పక్కకు జరపమన్న నానమ్మ

నాన్న పినపాక నుంచి పంపిన సంచి విప్పగానే ఎండిన ఇప్పపూల వాసన గదంతా నిండింది. ఫోనులో ఆ పాత సినిమా తెరిచి పెట్టుకున్నాను గాని, పడవ సీను దాకా జరపడానికి వేలు రాలేదు.

ఆ వాసన మా ఎండాకాలాలది. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, తెల్లారేసరికి అడవిలో ఇప్పపూలు ఏరుకొచ్చి వాకిట్లో ఆరబోసి, ఎండ ముదిరాక తాటిముంజలు ఒలుచుకుంటూ నానమ్మ చుట్టూ చేరేవాళ్లం. ఆమె ఏ ముచ్చట మొదలుపెట్టినా తాత దగ్గరికే వచ్చేది. నాన్నకు రెండేళ్లప్పుడే జ్వరంతో పోయిన తాతకు ఒక్క ఫోటో కూడా లేదు. అయితే పోవడానికి కొన్నాళ్ల ముందు, గోదావరి రేవులో పడవ సీను తీసిన షూటింగువాళ్లు ఊరివాళ్లను గుంపుగా నిలబెడితే, తలకు ఎర్ర తువ్వాల చుట్టుకొని ఎడమ చివర నిలబడ్డాడట. ఆ సినిమా టూరింగు టాకీసుకు వచ్చినప్పుడు నానమ్మ వరుసగా మూడు రోజులు పోయి చూసిందట.

ఒక ఆదివారం నాన్న మణుగూరులో ఆ సినిమా వీసీడీ కిరాయికి తెచ్చాడు. పక్కిళ్లవాళ్లూ వచ్చి కూర్చున్నారు. ఆ ఏడు మతిమరుపుతో కూరలో రెండుసార్లు ఉప్పు వేస్తున్న నానమ్మ, తాత సంగతీ అట్లాగే ఏదో కలిపి చెబుతోందేమోనని నాకు అనుమానం. పడవ సీను రాగానే నాన్న బొమ్మను ఆపి టీవీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. తండ్రి ముఖం చూడబోవడం ఆయనకదే మొదలు. ఎడమ చివర ఎవరిదో మోచేయి తప్ప ఏమీ లేదు.

"ఏందత్తా, మోచేతికి మొక్కమంటవా?" అంది పక్కింటి లచ్చమ్మ. అందరూ నవ్వారు.

"గాయన కాదు, గాయన పక్కకున్నడు మీ నాయన. బొమ్మను జర గిట్ల జరుపు బిడ్డా" అంది నానమ్మ.

నాన్న టీవీ ఆపేశాడు. ఆ తర్వాత నానమ్మ తాత ముచ్చటే ఎత్తలేదు. తాతనే మరిచిపోయిందేమోనని నాకు ఇంకా ఎక్కువ భయమేసింది.

చదువు పదితో ఆగిన నాకు గ్రంథాలయమే కాలేజీ. అక్కడ అట్ట ఊడిన పుస్తకమొకటి దొరికింది. వెడల్పు తెర కోసం తీసిన సినిమాను టీవీకి ఎక్కించేటప్పుడు రెండు పక్కలా కోసేస్తారని అందులో ఉంది. పరుగెత్తుకొచ్చి చదివి వినిపిస్తే నానమ్మ తాపీగా అంది: "నువ్వు పుస్తకంల చూసినవు. నేను ఆయన్నే చూసిన."

ఇప్పుడా టాకీసు లేదు, వీసీడీ దుకాణం లేదు, నానమ్మ లేదు. తాతను ఎరిగినవాళ్లు ఊళ్లో ఒక్కరూ మిగల్లేదు. సినిమా మాత్రం కోతల్లేకుండా, పూర్తి వెడల్పుతో నా చేతిలో ఉంది. చివరికి జరిపాను. రేవు వచ్చింది. ఆ మోచేతి మనిషి నిండుగా కనిపించాడు. అతని పక్కన ఒకరు కాదు, ఇద్దరున్నారు. ఇద్దరి తలకూ ఎర్ర తువ్వాలే.

నాన్నకు ఫోను చేశాను. ఇద్దరిలో తాత ఎవరని అడిగాను.

"ఎవరో నాకెట్ల తెలుస్తది బిడ్డా. ఇద్దర్నీ పంపు" అన్నాడు.

ఆ బొమ్మను ఆపి ఫోటోగా పంపాను. చూసినట్టు నీలం గుర్తులు పడి గంట దాటింది. ఫోను ఇంకా మోగలేదు.